మొర ఆలకించే చెవి
(గుర్రం జాషువా స్మారకోపన్యాసం)



మహాకవి గుర్రం జాషువా 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆయన వర్ధంతి నాడు ఆయన పేరు మీద మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు నా కృతజ్ఞతలు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టిన ఆ బిడ్డ కథ మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. ఇద్దరి కులాలు వేరు, మతం క్రైస్తవం. పురాణాలు చదివి కావ్యం రాసినందుకు క్రైస్తవ సంఘంలోని పెద్దలకు కోపం వచ్చింది. కావ్యం రాయడానికి నువ్వెవరని పండితులకు కోపం వచ్చింది. ఆ రెండు కోపాల మధ్య నిలబడి ఆయన 'ఫిరదౌసి' రాశారు, 'గబ్బిలం' రాశారు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారంతటి వారు తమ చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

చాలామంది ఒక్క వాక్యంలో దాటేసే చిన్న ఘట్టం ఒకటుంది. దాని దగ్గర కాసేపు ఆగుదాం. ఇరవై ఏళ్ళ వయసులో, 1915–16 ప్రాంతంలో, జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. తెర మీద బొమ్మలు కదులుతుంటాయి. పెదవులు ఆడుతుంటాయి గానీ మాట వినబడదు. తెర పక్కన నిలబడ్డ కుర్రవాడు ఆ కథ చెప్పాలి, ఆ సంభాషణలు పలకాలి. గుండెలు బాదుకుంటున్న తల్లి బొమ్మకు ఏడుపు అందించాలి. నాకెందుకో ఆయన తరవాత యాభై ఏళ్ళూ చేసింది ఇదే పని అనిపిస్తుంది. ఆడుతున్న పెదవులకు ఆయన గొంతు ఇచ్చారు.

ఈ ఏడాది ఉపన్యాసానికి నిర్వాహకులు నిర్ణయించిన అంశం మానవ దుఃఖంలో అర్థం. దాని గురించి నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. దుఃఖంలో దానంతట దానికి అర్థం ఉండదు. దుఃఖం మొర అయి, ఆ మొరను ఆలకించే చెవి దొరికినప్పుడు అర్థం పుడుతుంది. ఈ మాటను అయిదు మెట్లుగా చెబుతాను. కొన్ని చోట్ల ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

1. అంటగట్టిన అర్థం

ముందు అర్థం పేరుతో జరిగే అన్యాయం సంగతి.

ఒక ఇంట్లో బిడ్డ పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒకరు "అంతే రుణం, తీరిపోయింది" అంటారు. ఇంకొకరు "ఏ జన్మలో ఏం చేసుకున్నామో" అంటారు. మరొకరు "మంచివాళ్ళనే దేవుడు తొందరగా తీసుకుపోతాడు" అంటారు. వీళ్ళెవరిదీ చెడ్డ మనసు కాదు. ఆ ఇంటి మౌనాన్ని భరించలేక ఏదో ఒకటి అంటారు. కానీ ఆ తల్లి ఇంకా ప్రశ్న అడగనే లేదు. ఆమె నోరు తెరిచే లోపల ముగ్గురు మూడు జవాబులు చెప్పి వెళ్ళిపోయారు. ఇక ఆమె ఏమడుగుతుంది?

ఒక ఇంటి విషయంలో ఇది తొందరపాటు. ఒక జాతి మొత్తం విషయంలో ఇది దోపిడీ. 1941లో వచ్చిన 'గబ్బిలం' కావ్యంలో జాషువా దీన్ని బట్టబయలు చేశారు. అందులో కథానాయకుడు అరుంధతీయుడు, ఊరు అంటరానివాడన్న మనిషి. ఒళ్ళు వంచి పని చేస్తాడు, అయినా కడుపు నిండదు. ఎందుకని అడిగితే కర్మ అంటారు. ఆ ఒక్క మాటతో తన నోరు కట్టేసి తన కూడు ఎవరో తింటున్నారని అతనికి తెలుసు. అందుకే గబ్బిలంతో గట్టి మాట చెప్పి పంపుతాడు. ఈ కర్మ ఏమిటో, దానికి నా మీద ఇంత పగ ఎందుకో సాక్షాత్తూ ఈశ్వరుడి చేతనే తేల్చి చెప్పించమంటాడు. విద్యార్థులు గమనించండి. అతను ఈశ్వరుణ్ణి కాదనలేదు, అంటగట్టిన అర్థాన్ని కాదన్నాడు. వీటి మధ్య ఉన్న తేడా తెలిస్తే ఆ కావ్యం సగం తెలిసినట్టే.

జాషువా పెరిగిన ఇంటి గ్రంథమైన బైబిల్లోనూ ఇదే గొడవ ఉంది. యోబు ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్ళంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్ళు ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. ఆ గ్రంథంలో వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. ఆ తరవాత నోరు విప్పి, నువ్వు ఏదో పాపం చేసి ఉంటావు, అందుకే ఈ కష్టం అని అధ్యాయాల తరబడి వాదించారు. చివరికి దేవుడు కోప్పడింది తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. తనకు ఇద్దరు గురువులని, ఒకటి పేదరికం, రెండోది కులమత భేదమని జాషువాయే చెప్పుకున్నారు కదా? మొదటిది ఓర్పు నేర్పిందన్నారు, రెండోది ఎదిరించే బలం ఇచ్చిందన్నారు. మరి కష్టం గురువు అయినట్టే కదా?

ఆ మాట ఆయన అనవచ్చు. మనం అనకూడదు. తన గాయం గురించి తాను చెప్పుకునే మాట సాక్ష్యం. అదే మాట ఎదుటివాడి గాయం గురించి మనం చెబితే అది సలహా, కొన్నిసార్లు అంతకంటే హీనం. ఆకలితో బడికి వచ్చిన పిల్లవాడికి "పేదరికం నీకు గురువురా, జాషువాను చూడు" అని చెప్పే హక్కు ఏ మాస్టారికీ లేదు. ఆ పిల్లవాడికి కావలసింది అన్నం. ఆ ఇద్దరు గురువుల దగ్గర చదివి నోరు లేకుండా పోయినవాళ్ళు ఎన్ని వేలమందో మనకు లెక్క తెలియదు. జాషువా ఒక్కరే దొరికారు.

2. మొర

తెలుగులో 'మొర' అన్న మాట నాకు చాలా ఇష్టం. ఏడుపు వేరు, మొర వేరు. ఏడుపు ఎవరూ లేని చోట కూడా ఏడవచ్చు. మొర మాత్రం ఎవరో ఒకరికి పెట్టుకోవాలి. వినేవాడు ఉన్నాడన్న ఆశ ఆ మాటలోనే ఉంది. అందుకే మనం మొర 'పెట్టుకుంటాం', అవతలివాళ్ళు 'ఆలకిస్తారు'.

మన భక్తి సాహిత్యంలో గొప్ప ఘట్టాలు చాలా వరకు మొరలే. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో గజేంద్రుణ్ణి చూడండి. మడుగులో మొసలి కాలు పట్టుకుంది. బలం తగ్గిపోతోంది. అప్పుడు ఆ ఏనుగు నమ్మకంతో నిబ్బరంగా ప్రార్థించిందా? లేదు. దిక్కులేనివాళ్ళకు దిక్కు అని చెప్పే ఆయన అసలు ఉన్నట్టా లేనట్టా అని అనుమానపడింది. పోతన ఆ అనుమానాన్ని దాచలేదు. భక్తి కావ్యానికి నడిబొడ్డున పెట్టారు. తెలుగువాళ్ళు ఆ పద్యాన్ని చిన్నప్పుడే పిల్లలకు నేర్పారు. నమ్మకం సడలిన గొంతుతో పెట్టిన మొర కూడా మొరేనని అయిదు వందల ఏళ్ళకు పైగా మనం పిల్లలకు చెబుతూ వస్తున్నాం. ఆ ఆలకింపు ఎలా ఉందో కూడా చూడండి. విష్ణువు లక్ష్మీదేవికైనా చెప్పకుండా, చేతిలో పట్టుకున్న ఆమె చెంగునైనా వదలకుండా, ఉన్నపళాన బయల్దేరాడు. ఆలకించడమంటే అది.

రామదాసుది మరో తీరు. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి, గోలకొండ సుల్తాను తానీషా కొలువులో తహశీల్దారు. వసూలైన పన్ను సొమ్ము భద్రాచలం గుడికి ఖర్చు పెట్టారని గోలకొండ ఖైదులో వేశారు. పన్నెండేళ్ళని పరంపర చెబుతుంది. ఇప్పటికీ గోలకొండ కోటకు వెళితే రామదాసు బందీఖానా అని ఒక గది చూపిస్తారు, గోడ మీద సీతారామలక్ష్మణుల బొమ్మలు, ఆంజనేయుడి బొమ్మ కనిపిస్తాయి. ఆ చీకట్లో ఆయన పాడిన ఒక కీర్తన పూర్తిగా లెక్కల పద్దు. సీతమ్మ చింతాకు పతకానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత అని రాముడికి ధరలతో సహా ఏకరువు పెట్టారు. తహశీల్దారు గదా, దుఃఖం కూడా జమాఖర్చు రూపంలోనే వచ్చింది. కోపం హద్దు దాటి రాముణ్ణి, ఆయన వాళ్ళను కూడా నాలుగు మాటలన్నారు. వెంటనే, దెబ్బల బాధకు ఓర్వలేక అన్నానని మన్నింపు కోరారు. కోపమూ ఆ మన్నింపూ రెండూ ఒకే కీర్తనలో ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఏ భక్తుడూ ఆ తిట్లను కొట్టివేయలేదు. కొట్టివేస్తే మొర అబద్ధమవుతుంది.

ఇప్పుడు గబ్బిలం దగ్గరికి రండి. గజేంద్రుడికీ రామదాసుకూ వాళ్ళ దేవుడితో నేరుగా మాట్లాడే వీలుంది. జాషువా నాయకుడికి గుడి గుమ్మం తొక్కే వీలే లేదు. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో సందేశం పంపాడు. ఇతనికి మేఘం దొరకలేదు. గుడిసెలోకి ఒక గబ్బిలం వచ్చింది, దాని రెక్కల గాలికి దీపం ఆరిపోయింది. శకునం మంచిది కాదని జనం తరిమే ప్రాణి అది. కానీ అది గుడిలోకి వెళ్ళగలదు, గర్భగుడి కప్పుకు వేలాడగలదు, దేవుడి చెవి దగ్గర ఉండగలదు. పూజారి లేని వేళ చూసి నా సంగతి శివుడి చెవిన వెయ్యమని దాన్ని కాశీకి పంపుతాడు. ఒక మనిషికి లేని ప్రవేశం ఒక గబ్బిలానికి ఉంది. ఆ ఒక్క కల్పనలో మన దేశపు దుఃఖం ఎంత ఉందో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

ఇక నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాను.

మా ఊళ్ళో వేసవిలో హరిశ్చంద్ర నాటకం ఆడేవారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. కాటిసీను వచ్చేసరికి రాత్రి రెండు దాటేది. అక్కడ హరిశ్చంద్ర పాత్రధారులు జాషువా శ్మశానవాటి పద్యాలు పాడటం రివాజు. హార్మోనియం శ్రుతి పెరిగేది. సగం నిద్రలో ఉన్న పిల్లల్ని పెద్దవాళ్ళు తట్టి లేపేవారు. ఆ శ్మశానంలో బిడ్డల కోసం తల్లడిల్లిన తల్లుల కన్నీళ్ళ గురించి ఒక పద్యం ఉంది. అది మొదలవగానే, చాప మీద నా పక్కన కూర్చున్న మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. జనం వన్స్ మోర్ అని అరిచారు. పాత్రధారి మళ్ళీ అందుకున్నాడు. అమ్మ మళ్ళీ ఏడ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ నాటకం చూసి ఏడుస్తోందనుకున్నాను. ఆ రాత్రి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తెల్లవారి లేచి పేడ కలిపి కళ్ళాపి చల్లింది.

3. నొప్పి తగ్గాక వచ్చిన మాట

ఆ రాత్రి అమ్మ ఎందుకు ఏడ్చిందో నాకు మళ్ళీ ముప్ఫై ఏళ్ళకు తెలిసింది.

అమ్మకు గర్భాశయ ముఖద్వార కేన్సరు. ముదిరాక బయటపడింది. రేడియేషన్ అయింది, అయినా ఎముకలకు పాకింది. ఆ నొప్పి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. మంచం కోడును పట్టుకుని వేళ్ళు తెల్లగా అయ్యేదాకా బిగించేది. మేం మొదట తీసుకెళ్ళిన ఆసుపత్రిలో, పేరు వద్దు, ఒక పెద్ద డాక్టరు గారు "ఈ జబ్బులో నొప్పి ఉంటుందమ్మా, దేవుణ్ణి తలుచుకుని ఓర్చుకోవాలి" అన్నారు. ఇంటికి వచ్చిన బంధువులు కర్మ అన్నారు. అమ్మ దేన్నీ కాదనలేదు. ఆమె మాట్లాడటమే మానేసింది. గోడ గడియారం వైపు చూస్తూ పడుకునేది, అంతే.

చివరికి ఒకరి సలహాతో నగరంలో ఉపశమన చికిత్స వార్డుకు తీసుకెళ్ళాం. అక్కడ ఒక నర్సమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన అమ్మ ముఖానికి సమానంగా కూర్చుంది. "అమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగింది. ఆరు నెలల్లో ఆమెను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే. నొప్పి పదికి ఎంత ఉందని అడిగితే అమ్మకు అర్థం కాలేదు. "రూపాయికి ఎన్ని అణాలమ్మా?" అని మార్చి అడిగింది. అమ్మ "పదహారణాలూనూ" అంది.

మార్ఫిన్ మొదలుపెట్టారు. చిన్న తెల్ల మాత్ర. నాలుగు గంటలకొకటి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే. రాత్రి పడుకునేటప్పుడు రెండు, మధ్యలో లేపక్కర్లేకుండా. మలబద్ధకం రాకుండా దానికి తోడు ఇంకో మాత్ర. మూడో రోజు అమ్మ కాళ్ళు చాపుకుని పడుకుంది. నాలుగో రోజు చింతచిగురు పప్పు అడిగింది. అయిదో రోజు సాయంత్రం ఆ నర్సమ్మ చెయ్యి పట్టుకుని, నా ఎదుటే, నాకంటే ముందు పుట్టి పదకొండు నెలలకు పోయిన పాప గురించి చెప్పింది. ఆ పాపకు ఏ పాట పాడేదో, ఏ జ్వరం వచ్చిందో, చెరువు గట్టు అవతల ఏ చెట్టు కింద పెట్టారో అన్నీ చెప్పింది. ఆ పాప సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్న సామెతను మా అమ్మ నలభై ఏళ్ళకు పైగా పాటించింది.

అప్పుడు నాకు కాటిసీను గుర్తొచ్చింది.

మిత్రులారా, దీన్ని నా ఇంటి కథగా చెప్పడం లేదు. ఇందులో ఒక క్రమం ఉంది, అది చూడమంటున్నాను. నొప్పి తగ్గాకే మాట వచ్చింది. నొప్పి పదహారణాలూ ఉన్నప్పుడు మనిషికి మొర పెట్టుకునే శక్తి కూడా ఉండదు. ఆ స్థితిలో ఉన్న మనిషి నుంచి ఆత్మజ్ఞానం ఆశించడం క్రూరత్వం. ముందు మాత్ర ఇవ్వాలి. దుఃఖంలో అర్థం గురించి ఉపన్యాసం ఇచ్చే నాలాంటి ఎవరికైనా ఇది మొదటి షరతు.

ఈ క్రమాన్ని పట్టుకున్న మనిషి లండన్‌లో సిసిలీ సాండర్స్. ఆమె నర్సుగా చేసింది, తరవాత ఆసుపత్రి సామాజిక కార్యకర్త అయింది. అప్పుడు వార్సా నుంచి వచ్చిన డేవిడ్ టాస్మా అనే యూదుడు కేన్సరుతో ఆమె వార్డులో ఉన్నాడు. దేశం కాని దేశం, నా అన్నవాళ్ళు లేరు. తన బతుకు ఎవరికీ ఏమీ మిగల్చలేదని కుమిలిపోయేవాడు. ఆమె రోజూ వెళ్ళి కూర్చుని వినేది. ఇలాంటి రోగుల కోసం ఒక ఇల్లు ఉంటే ఎలా ఉండాలని ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో అతను చనిపోతూ, ఆమె కట్టబోయే ఇంట్లో తానొక కిటికీనవుతానని చెప్పి అయిదు వందల పౌన్లు రాసిచ్చాడు. ఆమె ఆ తరవాత వైద్యం చదివి డాక్టరయింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఒక్క కిటికీ చుట్టూ ఇల్లు కట్టడానికి పందొమ్మిదేళ్ళు పట్టిందని అనేదట. మీ నొప్పి గురించి చెప్పమని ఒక రోగిని అడిగితే, వీపులో మొదలైంది గానీ ఇప్పుడు తన మొత్తమే ఏదో చెడిపోయినట్టుందని చెప్పి, భర్త, కొడుకు, ఇంట్లో డబ్బు సంగతి కూడా చెప్పిందట. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి నొప్పి, ఆత్మ నొప్పి అన్నీ కలిసిందే నొప్పి అని సాండర్స్ అప్పటి నుంచి వైద్య లోకానికి చెబుతూ వచ్చింది.

మన దేశం సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మార్ఫిన్ తీసే నల్లమందు మన పొలాల్లోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో పండుతుంది, బయటి దేశాలకు ఎగుమతవుతుంది. 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక భయంతో, లైసెన్సుల చిక్కుతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడం మానేశాయి. మన రోగులు మంచం కోళ్ళు పట్టుకున్నారు. 2014లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణ కోసం కేరళ డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. అయినా మన జిల్లాల్లో ఇంకా ఎందరికో ఆ తెల్లమాత్ర అందడం లేదు. ఓర్చుకోమనే మాట మాత్రం ప్రతి చోటా ఉచితంగా దొరుకుతోంది. ఇది నాకు కోపం తెప్పించే విషయం. దాచుకోను.

4. వియన్నా నుంచి ఇద్దరు

దుఃఖంలో అర్థం అనగానే చదువుకున్నవాళ్ళందరికీ గుర్తొచ్చే పేరు విక్టర్ ఫ్రాంకెల్. వియన్నా యూదు వైద్యుడు. నాజీ శిబిరాల్లో దాదాపు మూడేళ్ళు ఉండి బతికి బయటపడేసరికి తండ్రి లేడు, తల్లి లేదు, అన్న లేడు, భార్య లేదు. 1945లో తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించిన పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది. మనిషి దగ్గర నుంచి అన్నీ లాక్కున్నా, వచ్చినదాన్ని ఎలా ఎదుర్కోవాలో ఎంచుకునే స్వేచ్ఛ ఒకటి మిగులుతుందని ఆయన వాదం. దాన్ని పట్టుకుని కష్టాలు మంచివే అని చెప్పేవాళ్ళు ఆయన రాసిన ఇంకో మాట వదిలేస్తారు. తప్పించగల బాధ అయితే దాన్ని తప్పించడమే అర్థవంతమైన పని అని, అనవసరంగా బాధపడటం వీరత్వం కాదని ఆయన స్పష్టంగా చెప్పారు.

ఆయన చెప్పిన ఒక సంఘటన నాకు ఆ సిద్ధాంతం కంటే విలువైనది. భార్య పోయి రెండేళ్ళయినా కోలుకోని ఒక వృద్ధ వైద్యుడు ఆయన దగ్గరికి వచ్చాడు. ఫ్రాంకెల్ ఓదార్చలేదు. ముందు మీరే పోయి ఆమె మిగిలి ఉంటే ఏమయ్యేదని అడిగారు. అయ్యో, ఆమె ఎంత బాధపడేదో అన్నాడాయన. ఆ బాధ ఆమెకు తప్పింది, దాని ఖరీదు ఇప్పుడు మీరు చెల్లిస్తున్నారని ఫ్రాంకెల్ అన్నారు. ఆ పెద్దాయన ఏమీ మాట్లాడకుండా చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. ఆ అర్థం ఫ్రాంకెల్ జేబులోంచి తీసి ఇచ్చింది కాదు. ఆయన ముందు ఒక ప్రశ్న అడిగి విన్నారు. జవాబు ఆ ముసలాయన ప్రేమలోంచే వచ్చింది.

అదే వియన్నాలో పుట్టిన మరో మనిషి జాన్ అమెరీ. అతన్ని 1943లో బెల్జియంలో పట్టుకుని బ్రెండాంక్ కోటలో చిత్రహింస పెట్టారు, తరవాత ఆష్విట్జ్‌కు పంపారు. బతికాడు. 1966లో పుస్తకం రాశాడు. నాకు ఏ అర్థమూ దొరకలేదు, చిత్రహింస పడ్డవాడు జీవితాంతం ఆ చిత్రహింసలోనే ఉంటాడు అని రాశాడు. 1978లో తన చేతులతో తానే ప్రాణం తీసుకున్నాడు. అమెరీని ఫ్రాంకెల్ పక్కన పెట్టకుండా దుఃఖం గురించి మాట్లాడటం నిజాయితీ కాదని నా నమ్మకం. ఎందుకో వినండి. మొదటి దెబ్బ పడగానే లోకం మీద నమ్మకం పోతుందని అమెరీ రాశాడు. మామూలుగా దెబ్బ తగిలితే ఎవరో ఒకరు ఆదుకోవడానికి వస్తారని మనిషికి పుట్టుకతో వచ్చిన ఆశ ఉంటుంది. ఆ గదిలో ఎవరూ రారని, రాలేరని తెలిసిన క్షణాన ఆ ఆశ చచ్చిపోతుంది.

అమెరీ చెప్పింది మొర గురించే. అతను మొర పెట్టాడు, చెవి లేదు. ఆ మనిషికి అర్థం దొరకకపోవడం అతని ఓటమి కాదు. ఆ లోకం ఓటమి.

5. అవతలి గట్టు

తరించడం అంటాం. ఆ మాటకు అసలు అర్థం దాటడం. నేను ఇంతకుముందు దాన్ని ఒంటరి మనిషి ఆకాశం వైపు చేసే ప్రయాణమనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. దాటాలంటే అవతలి గట్టు కావాలి. నా దుఃఖానికి అవతలి గట్టు పక్క మనిషి దుఃఖం.

దీనికి జాషువా కావ్యాల కంటే గట్టి సాక్ష్యం ఆయన ఇంట్లోనే ఉంది. ఆయన కుమార్తె హేమలత. నాస్తికోద్యమ నేత గోరా గారి కుమారుడు లవణం గారిని పెళ్ళాడి హేమలతా లవణం అయ్యారు. చిన్నప్పుడు తండ్రికి జరిగిన అవమానాలు చూస్తూ పెరిగిన పిల్ల. 'మా నాన్నగారు' అని ఆయన మీద పుస్తకం రాశారు. అంతటితో ఆగి ఉంటే అది ఒక మంచి కూతురి కథ అయ్యేది. ఆవిడ ఆగలేదు. దొంగల ఊరని ముద్రపడ్డ స్టూవర్టుపురం వెళ్ళి ఆ కుటుంబాల మధ్య పనిచేశారు. నిజామాబాద్ జిల్లా పల్లెల్లో దేవుడి పేరు మీద ఊరి పాలు చేసిన జోగినుల దగ్గరికి వెళ్ళారు. వాళ్ళ కోసం పెట్టిన ఇంటికి 'చెల్లి నిలయం' అని పేరు. ఆ పేరు చూడండి. ఊరు ఏ పేరుతో పిలిచినా, ఆ ఇంట్లోకి వచ్చిన ఆడపిల్ల చెల్లి. జోగిని, దేవదాసి ఆచారాలను నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనం చేయడం వెనుక అటువంటివాళ్ళ శ్రమ ఉంది. 2008లో ఆవిడ కన్నుమూశారు.

తండ్రి ఒక గబ్బిలాన్ని పంపారు. కూతురు ఆ మొర పెట్టుకునేవాళ్ళ ఇళ్ళకు తానే నడిచి వెళ్ళింది. తండ్రి అనుభవించిన అవమానం ఆ రోజు వరకు అవమానమే. ఒక జోగిని గుమ్మంలో కూతురు కూర్చున్న రోజున దానికి అర్థం వచ్చింది. ఆ అవమానం జరగకుండా ఉంటే ఎంత బాగుండేదో, అది మాత్రం ఎప్పటికీ నిజమే. ఈ రెండు మాటల్నీ కలిపి పట్టుకోవాలి. ఒకటి వదిలితే రెండోది అబద్ధమవుతుంది.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది. ఒక్క విన్నపం చేసి సెలవు తీసుకుంటాను.

కేరళలో ఉపశమన చికిత్స నిలబడింది డాక్టర్ల వల్ల మాత్రమే కాదు. 1993లో కోళికోడ్‌లో మొదలైన ఆ పనిని వాడవాడలా మామూలు మనుషులు అందుకున్నారు. టీచర్లు, ఆటో డ్రైవర్లు, విద్యార్థులు వారంలో కొన్ని గంటలు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళతారు. మన ఊళ్ళోనూ అలాంటి ఇళ్ళు ఉన్నాయి. ఏ వీధిలో ఉన్నాయో మీకు తెలుసు. ఎన్నాళ్ళ నుంచి వెళ్ళలేదో కూడా తెలుసు. ఈ ఆదివారం ఒక ఇంటికి వెళ్ళండి. చేతిలో పండ్లు లేకపోయినా ఫరవాలేదు. స్టూలు లాక్కుని వాళ్ళ ముఖానికి సమానంగా కూర్చోండి. రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి. నొప్పి ఉందంటే ఆ మాట డాక్టరు దాకా తీసుకెళ్ళి, మందు వచ్చేదాకా వదలకండి. కర్మ మాట ఎత్తకండి. మిగతాది వాళ్ళు చెబుతారు, వినండి.